పిళ్ళైచావడి మంచినీళ్ళు

డెబ్బైల చివర్లో యానాం నుంచి పాండిచ్చేరి వచ్చి ఒక బడిలో టీచరుగా చేరాను. మూలకుళంలో అద్దె ఇల్లు. మరుసటేడు, యానాం పిల్లల కోసం మా ప్రాంతపు భూగోళం, చరిత్ర కలిపి తెలుగులో ఒక చిన్న పుస్తకం రాయమని నాకు అప్పగించారు. ఇరవై ఆరేళ్ళదాన్ని. నేల మీద కాలు నిలవలేదు.

ఫ్రెంచివాళ్ళ పాలన గురించి లైబ్రరీలో కావలసినంత దొరికింది. పాండిచ్చేరి, కారైకాల్, మాహె, యానాం ఒకదానికొకటి ఎంతెంత దూరమో పటం మీద కొలుచుకున్నాను. ఈ తీరం గురించి మాత్రం ఇసుక నేల, ఉప్పునీళ్ళు అన్న మాటలకు మించి ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

మా పక్కింట్లో మిల్లు పని చేసి మానుకున్న పెద్దాయన ఒకరు ఉండేవారు. వాళ్ళ తాత నెల్లూరు వైపు నుంచి వచ్చాడట. ఇంట్లో తెలుగే మాట్లాడుకునేవారు, అందులో సగం అరవం. తెలుగు చదవడం ఎవరికీ రాదు. సెలవులకు యానాం వెళ్ళినప్పుడు ఆయన యాస పట్టి మాట్లాడి మా వాళ్ళను నవ్వించేదాన్ని.

నా ఇబ్బంది విని ఆయన, "ఉప్పు తణ్ణని ఎవురు చెప్పినారు టీచరమ్మా? రా, చూపిస్తా" అన్నారు.

ఆదివారం కాలాపేట బస్సెక్కి, సముద్రం పక్కనున్న పిళ్ళైచావడి అనే ఊళ్ళో దిగాం. ఒడ్డుకు లాగిన పడవలు దాటాక ఆయన మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో ఇసుక తవ్వడం మొదలుపెట్టారు. అలల చప్పుడు పక్కనే. మోచేతి లోతు రాగానే నీళ్ళు ఊరాయి.

"తాగు. నల్ల తణ్ణి" అన్నారు.

నల్ల నీళ్ళేమిటని జంకాను. అరవంలో మంచినీళ్ళని అర్థమట. దోసిలితో తాగాను. చల్లగా, తియ్యగా ఉన్నాయి.

"వాన తణ్ణి పైన నిలస్తాది. ఇంకా కావాలని లోతుకు పోయినామంటే ఉప్పే. చిన్నప్పుడు మా మేనత్త చూపించింది."

"ఇది పుస్తకంలో వేస్తాను పెద్దయ్యా, మీ పేరుతో" అన్నాను. నిజంగానే అనుకుని అన్నాను.

"నా పేరా? అచ్చులోనా?" అని ఇసుక చేతులతోనే మొహం తుడుచుకున్నారు.

ఆ పేజీ రాసేటప్పుడు కలం ఆగింది. చదువురాని మిల్లు కార్మికుడు చెప్పాడని రాస్తే పుస్తకం చూసే పెద్దలు ఏమనుకుంటారు? 'మా పరిశీలనలో తేలింది' అని రాసేశాను. పైగా ఆ వాక్యం చూసుకుని ముచ్చటపడ్డాను.

పుస్తకం వచ్చిన రోజు ఆయన స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని మా ఇంటికి వచ్చారు. "నా మాట యాడుంది?" అన్నారు. పేజీ తీసి ఆ పేరా మీద వేలు పెట్టాను. అక్కడితో ఆగి నిజం చెప్పేయవచ్చు. చెప్పలేదు. ఆయన పేరుకి 'గారు' కూడా తగిలించి, లేని వాక్యాన్ని ఉన్నట్టు చదివాను.

"ఇంకోసారి" అన్నారు. ఇంకోసారి చదివి పుస్తకం ఆయనకే ఇచ్చాను.

రెండేళ్ళపాటు ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ పేజీ చూపించారు. వాళ్ళెవరికీ తెలుగు చదవడం రాకపోవడం నా అదృష్టమనుకున్నాను. అంతలో మా వీధిలోకి యానాం గుమాస్తా ఒకాయన మారారు. ఒక సాయంత్రం ఆ గుమాస్తా పెద్దాయన వాళ్ళ అరుగు మీద కూర్చుని ఆ పుస్తకం తిరగేయడం చూసి లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాను.

మర్నాడు పెద్దాయన వచ్చారు.

"ఆ గుమాస్తా ఆయప్ప చదివినాడు. నా పేరు లేదంటనే."

కూర్చోమని కుర్చీ జరిపాను, ఆయన కూర్చోలేదు.

"నువ్వు చదివినప్పుడు బాగుండె" అని వెళ్ళిపోయారు. గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది.

సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళి, ఆయన భార్య ఎదుటే తప్పు ఒప్పుకున్నాను. "పోనీలేమ్మా" అని కాఫీ ఇప్పించారు. ఎనభైల్లో పుస్తకం మళ్ళీ అచ్చయినప్పుడు ఆయన పేరు చేర్చి, ఒక ప్రతి తీసుకెళ్ళి ఇచ్చాను. రెండు చేతులా అందుకుని, చల్లగా ఉండమని దీవించి, భార్యకిచ్చి లోపల పెట్టమన్నారు. చదవమని అడగలేదు.

ఆయన భార్య పుట్టింటి నుంచి తెలుగులో ఉత్తరాలు వచ్చేవి. అవి పట్టుకుని పెద్దాయన మా గుమ్మం ముందు నుంచే నడిచి, నన్ను నవ్వుతూ పలకరించి, వీధి చివర గుమాస్తా ఇంటికి వెళ్ళి చదివించుకునేవారు.