వెలగని చెంప

ఆసుపత్రిలో పనిముట్లు కడిగి ఆవిరి పెట్టెలో పెట్టే గదిలో పనిచేసే ఆవిడని అందరూ ‘ఎందుకమ్మ’ అనేవారు. కత్తెర చేతికిస్తే దాని ముక్కు వంకరెందుకని అడిగేది. గొట్టమిస్తే ఈ పక్కన చిల్లెందుకనేది. "నీకు జవాబు చెప్పేలోపు రోగికి నయమైపోయి ఇంటికెళ్ళిపోతాడు తల్లీ!" అని హెడ్ నర్సు తల పట్టుకునేది.

నిజానికి తల పట్టుకోవాల్సింది ఎందుకమ్మే. ఏళ్ళ తరబడి ఆవిడకి ఒక పక్కే పోటు. కిందికి వంగిందా, కంటి కింద సుత్తితో మోదినట్టుండేది. మాత్ర వేసుకుంటే తగ్గేది, నాలుగు రోజులు పోయాక మళ్ళీ మొదలు. ఇంట్లో ఆడపడుచుది మాత్రం ఒకటే మాట: "అంట్లు కనబడగానే మా వదినకి తలనొప్పి వచ్చేస్తుంది."

ఒకరోజు పాత అలమర ఖాళీ చేస్తుంటే వెనకెక్కడో ఓ చెక్కపెట్టె దొరికింది. లోపల వెలిసిపోయిన మఖమలు గుడ్డ మీద సన్నటి గొట్టం, దాని కొసన బఠాణీ గింజంత బల్బు. మూత మీద చెక్కిన పేరు కూడబలుక్కుని చదివింది: డయాఫనోస్కోప్.

ఇంకేముంది, ‘ఇదెందుకు’ మొదలైంది. హెడ్ నర్సునడిగింది. "నా సర్వీసులో ఈ పేరు వినలేదు." కుర్ర డాక్టరునడిగింది. "ఎండోస్కోప్ అయితే తెలుసు. ఇదేంటో నాకూ కొత్తే." చివరికి, రిటైరైనా వారానికోసారి వచ్చిపోయే పెద్ద డాక్టరు ఆ పెట్టె చూసి మురిసిపోయాడు.

"ఇంకా బతికుందా ఇది! రోగి నోట్లో ఈ దీపం పెట్టి, గది చీకటి చేసేవాళ్ళం. మన చెంపల వెనక ఎముకల్లో ఖాళీ గూళ్ళుంటాయి. వాటిలోంచి వెలుతురు ఎర్రగా బయటికొస్తుంది. గూట్లో చీము నిండితే ఆ పక్క చీకటే."

"మరి మానేశారెందుకు?"

"అప్పుడప్పుడు అబద్ధమాడుతుందమ్మా. ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా ఒక్కోసారి ఓ చెంప వెలగదు. ఎక్స్‌రేలొచ్చాక దీని పేరే మర్చిపోయారు."

ఆ మాట విన్నాక ఆవిడకి కాలు నిలవలేదు. ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో సామాన్ల గదిలోకి దూరి, కిటికీకి దుప్పటి కట్టి, చిన్న పెన్ను టార్చి కడిగి నోట్లో పెట్టుకుంది. అద్దంలో చూసుకుందామంటే కళ్ళు చెదిరాయి. తలుపు తీసి ఆడపడుచుని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

"ఇదేం చోద్యం వదినా, తిండి లేనట్టు టార్చి తింటున్నావేంటి?"

"ఊఁ... ఊఁ..." అంటూ ఎందుకమ్మ తన చెంపలు చూపించింది.

తలుపు మూయగానే ఆడపడుచు పగలబడి నవ్వింది. "అబ్బో, దానిమ్మ గింజలా మెరిసిపోతున్నావే!" అంతలోనే నవ్వు ఆగింది. "ఉండు. కుడివైపు వెలగట్లేదు. టార్చి ఇటు తిప్పు... ఊహూఁ. ఇటు పొయ్యి ఆర్పేసినట్టుంది. నీకు నొప్పి ఏ పక్క వదినా?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. ఎందుకమ్మ టార్చి తీసి, "కుడి పక్కే" అంది. మర్నాడు పొద్దున్నే ఆడపడుచు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. "పద, నేనూ వస్తున్నా."

చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ టార్చి కథ విని నవ్వింది గానీ కొట్టిపారెయ్యలేదు. చెంప నొక్కి చూసి, స్కాన్ తీయించింది. కుడి గూడు చీముతో నిండిపోయుంది. పై దవడలో ఎప్పుడో పుచ్చిపోయిన పన్ను వేరు దాకా కుళ్ళి, అంత పనీ చేసింది. పన్ను పీకించి, గూడు కడిగించుకునే దాకా ఆడపడుచు పక్కనే ఉంది. ఇంటి పనంతా నెత్తినేసుకుంది, ఎత్తిపొడుపు మాట ఒక్కటీ లేకుండా.

నొప్పి మళ్ళీ రాలేదు. ఆఖరిసారి చూపించుకోడానికి వెళ్ళినప్పుడు డాక్టరమ్మ కొత్త స్కాన్ తెర మీద పెట్టింది. ఎందుకమ్మ కుర్చీ ముందుకి జరుపుకుని, ఒక్కో నల్లటి ఖాళీ మీదా వేలు పెట్టి ఇదేంటి, ఇదెందుకు అంటూ నుదుటి దాకా వెళ్ళింది.

"ఇన్నాళ్ళూ ఇన్ని ఖాళీ గదులు మోసుకు తిరిగానా!"

"నీ తల ఖాళీ అని మా అన్నయ్య పెళ్ళైన కొత్తలోనే చెప్పాడు వదినా," అంది ఆడపడుచు.

ముందు నవ్వింది ఎందుకమ్మే.