పోగు తెగితే ఆగే మగ్గం

పోయిన నెల ఒక ఉదయం మా నాయిన ఆలేరు నుంచి మొదటి బండికి వచ్చి, నేను మిల్లుకు బయలుదేరే వేళకు సికింద్రాబాదులో నా గది గుమ్మం ముందు నిలబడ్డాడు. రైల్వే గ్యాంగులో పనిచేసే మనిషి. సెలవు పెట్టడమంటే గిట్టదు. అలాంటి మనిషి పనిరోజున వచ్చాడంటేనే నాకు సగం అర్థమైంది.

"మీ పెద్దనాయిన పోయిండు బిడ్డా. మగ్గంల కూసున్నోడు కూసున్నట్టే పోయిండు. చీర సగంల ఉన్నది" అన్నాడు.

పెద్దనాయిన మా నాయినకు స్వంత అన్న కాదు. ఆలేరులో మా గోడకు ఆ పక్క ఇల్లు ఆయనది. రెండూ నేత ఇళ్ళే. మగ్గం మీద బతుకు వెళ్ళదని మా నాయిన రైల్వేలో చేరితే, ఆయన మాత్రం కాళ్ళు దించి కూర్చొని నేసే మగ్గం గుంటను వదల్లేదు. అందుకని నేను పని నేర్చుకున్నది ఆయన దగ్గరే, ఆయన ఒక్కగానొక్క కొడుకుతో కలిసి. వాడూ నేనూ ఒక ఈడు. ఒకటే బడి, తర్వాత హైదరాబాదులో ఒకటే ఇంజనీరింగు కాలేజీ. ఇప్పుడు ఇంజనీరునని చెప్పుకోవడానికి నేనొక్కడినే ఉన్నాను. పెద్దనాయినను తలుచుకుందామని కూర్చుంటే వాడు వచ్చి పక్కన కూర్చుంటాడు. పొమ్మనడం నాకు చేతకాదు, కాబట్టి ఈ నాలుగు మాటలూ ఇద్దరి గురించీ అనుకోండి.

పడుగులో, అంటే నిలువు దారాల్లో, పోగులు తెగడం మగ్గం మీద రోజూ ఉండేదే. తెగిన కొసను వెంటనే పట్టి ముడివేయకపోతే చీర పొడుగునా సన్నని గీత పడుతుంది. పెద్దనాయిన మా ఇద్దరినీ గుంట అంచున కూర్చోబెట్టుకొని ఏళ్ళ తరబడి చెప్పింది ఒక్కటే. "పోగు తెగిందంటే చెయ్యి నిన్ను అడగొద్దు. అదే పోవాలె." మేము ఒక్క క్షణం తటపటాయించినా పేకను అటూ ఇటూ నడిపే నాడెతో వేళ్ళ మీద తట్టేవాడు. "ఏం సోంచాయిస్తున్నవుర, అత్తగారింటికి పోవాల్నా వద్దా అనా?" అనేవాడు. కొన్నాళ్ళకు మా చేతులు నిజంగానే మమ్మల్ని అడగడం మానేశాయి. తర్వాత హాస్టలులో అన్నం తింటున్నప్పుడు ఎవరి చొక్కా మీద దారం వేలాడుతున్నా, మాట మధ్యలోనే మా ఇద్దరి చేతులూ దాని మీదికి పోయేవి. మిగతా వాళ్ళు మమ్మల్ని ఏడిపించేవారు.

మా కోర్సు అప్పుడే కొత్తగా పెట్టింది. ఆరు నెలలు కాలేజీలో చదువు, ఆరు నెలలు ఏదైనా కర్మాగారంలో పని. పనిచేసిన నెలలకు స్టైపెండు ఇచ్చేవారు. మా ఇద్దరికీ బట్టల మిల్లు పడింది. ఆ సంగతి చెప్పినప్పుడు పెద్దనాయిన నాడె ఆపి మరీ నవ్వాడు.

"గంత పెద్ద సదువు సదివి మల్ల మగ్గం కాడికే వోయిండ్రా? గీ మాత్రానికి హైదరాబాదు దాక ఎందుకుర? గోడ దాటొస్తె నేను ఇయ్యకపోదునా పని?"

మొదటి స్టైపెండుతో వాడు సెలవులకు వస్తూ తండ్రికి కళ్ళద్దాలు చేయించి తెచ్చాడు. అప్పటిదాకా ఆయన తెగిన పోగును వేళ్ళతో తడిమి పట్టేవాడు. అద్దాలు పెట్టుకొని పడుగు వైపు చాలాసేపు చూసి, "గిన్ని పోగులున్నయా దీంట్ల" అన్నాడు. ఆ తర్వాత వాడలో ఎవరు ఎదురుపడ్డా, వాళ్ళు అడగకపోయినా, ముక్కు మీది అద్దాలు చూపించి "మా పిలగాని కమాయి" అనేవాడు.

ఆ సెలవుల్లోనే వాడు మిల్లు పద్ధతి ఒకటి తండ్రికి నేర్పబోయాడు. పడుగు పోగులన్నిటినీ ఇనుప దూలం మీదికి చుట్టే యంత్రం ఒకటి మిల్లులో ఉండేది. పోగు తెగితే ముందు కాలితో పెడలు తొక్కి దాన్ని ఆపాలి. అది పూర్తిగా ఆగాకే చెయ్యి పెట్టాలి. రోజూ పనిలోకి దిగేముందు మేస్త్రీ మా అందరిచేతా గట్టిగా అనిపించేవాడు. ముందు కాలు, తర్వాత చెయ్యి. వాడు గుంటలో తండ్రి పక్కన ఇరుక్కొని, పెడలు తొక్కినట్టు కాలు నేలకు కొట్టి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని బడిపిల్లవాడిలా కూర్చొని చూపించాడు.

"గిట్ల మోకాళ్ళ మీద చేతులు వెట్టుకొని కూసుంటె చీర ఎప్పుడు దిగాలెర?" అని పెద్దనాయిన పడీపడీ నవ్వాడు. మూలన రాట్నం మీద కండెలు చుడుతున్న పెద్దమ్మ కూడా నవ్వింది. నేనూ నవ్వాను.

మేము రెండో విడత పనికి వెళ్ళినప్పుడు అది జరిగింది. భోజనాల గంటకు కొంచెం ముందు. యంత్రం దగ్గర వాడు ముందర నిలబడ్డాడు, నేను పక్కన. మేస్త్రీ కూడా దగ్గరలోనే ఉన్నాడు. పొద్దున అందరం ఎప్పటిలాగే ఆ మాట గట్టిగా అని పనిలోకి దిగాం. వాడు నా వైపు తిరిగి, రాబోయే పరీక్ష గురించి ఏదో చెబుతున్నాడు. పోగు తెగింది. వాడి కంటికొసకు అది తగిలి ఉంటుంది. మాట ఆగలేదు, ముఖం నా వైపు నుంచి తిరగలేదు, చెయ్యి మాత్రం పోయింది. చొక్కా చెయ్యి దూలానికి చుట్టుకుంది. మిగిలింది నేను రాయను. దవాఖానలో మరునాటి దాకా ఉన్నాడు.

దినాలు అయ్యాక పెద్దనాయిన నన్ను పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వు చూసినవు గద బిడ్డా."

"చూసిన పెద్దనాయిన."

"పోగు తెగిందా?"

"తెగింది."

"ముందుగాల కాలు పోయిందా, చెయ్యా?"

ఆయన ఆ అద్దాల్లోంచి నా ముఖాన్ని, పడుగును చూసినట్టు చూస్తున్నాడు. ఆ చూపు ముందు అబద్ధం నిలబడదు. "చెయ్యి" అన్నాను. ఆయన తల ఊపి లోపలికి వెళ్ళి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. చాలా రోజులు ఆ ఇంట్లో మగ్గం ఆడలేదు.

నేను చదువు మానేస్తానని ఇంట్లో చెప్పాను. భయమేసింది. యంత్రమంటే కాదు, నా చెయ్యంటేనే భయం. వాడి చేతికి నేర్పినాయనే నా చేతికీ నేర్పాడు. వాడికంటే నేను తెలివైనవాణ్ణి కాను, జాగ్రత్తపరుణ్ణీ కాను. అన్నం కలుపుతూ కూడా ఆ చేతి వైపు అనుమానంగా చూసుకునేవాణ్ణి. మా నాయిన సరే అన్నాడు, గ్యాంగులో పెట్టిస్తానన్నాడు. ఆ మాట గోడ దాటి పెద్దనాయినకు వినబడింది. ఆయన లేచి మా ఇంటికి వచ్చాడు.

"వానికి నేనే నేర్పిన, నీకు నేనే నేర్పిన. నువ్వు గూడ ఇంట్ల కూసుంటె ఇద్దర్ని నేనే తిన్నట్టయితది. నడువు, నేనొస్త మిల్లుకు" అన్నాడు.

ఇద్దరం బండెక్కాం. మిల్లులో ఆయన ఆ యంత్రాన్ని చూస్తానన్నాడు. మేస్త్రీ పాపం చేతులు కట్టుకొని నిలబడి, ఆపించి చూపిస్తానన్నాడు. "వద్దయ్యా, నడవనియ్యి" అన్నాడు పెద్దనాయిన. చేతులు రెండూ వీపు వెనక కట్టుకొని, ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకొని నిలబడ్డాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. కొంతసేపటికి ఒక పోగు తెగింది. ఆయన కుడిచెయ్యి ఆ పట్టు విడిపించుకొని నడుము దాకా వచ్చేసింది. ఎడమచెయ్యి పోయి దాన్ని పట్టుకుంది. మేస్త్రీ పెడలు తొక్కాడు, యంత్రం ఆగింది. పెద్దనాయిన తల వంచి తన చేతిని చూస్తూ ఉండిపోయాడు.

బయట నల్లా దగ్గర ముఖం కడుక్కొని అన్నాడు. "నా చెయ్యి గూడ వోయిందిర. నాకు తెల్వకుంటనే వోయింది." తడిచెయ్యి పంచెకు తుడుచుకుంటూ, "నువ్వు ఈడ నీ చెయ్యికి ఆగుడు నేర్పు. నేను ఆడ నా చెయ్యికి నేర్పుత. సూద్దాం" అన్నాడు.

నేను మిల్లులో ఉండిపోయాను. ఆయన ఇంటికి వెళ్ళి, ఆ రోజే మగ్గంలో కూర్చున్నాడట. అప్పటినుంచీ పోగు తెగితే చాలు, ఆయన మగ్గం ఆపి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని కొంతసేపు ఊరికే కూర్చునేవాడు. ఆ తర్వాతే ముడి. చేతిమగ్గానికి అలా ఆగవలసిన పని లేదు. అది ఎవరినీ ఏమీ చేయదు. చీరలు ఆలస్యంగా దిగేవి, కొన్నిట్లో మగ్గం ఆగినచోట అడ్డగీత పడేది. నూలు ఇచ్చి చీరలు తీసుకునే సేటు సణిగేవాడు. "గీత వడితె వడనియ్యి సేటూ" అనేవాడాయన. అంతకుమించి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

సెలవుకు వెళ్ళినప్పుడు గోడ ఈ పక్క నుంచి వింటుండేవాణ్ణి. మగ్గం చప్పుడు ఆగేది. ఆ వెంటనే పెద్దమ్మ రాట్నం కూడా ఆగేది. ఆ ఇంట్లో మనుషులే లేనట్టుండేది. మా అమ్మ చేస్తున్న పని ఆపి తల వంచుకునేది. వాడు వచ్చి గుంటలో తండ్రి పక్కన ఇరుక్కొని కూర్చున్నాడని నాకు అనిపించేది. పిచ్చి ఊహ అని ఎవరైనా అంటే నేను వాదించను. మిల్లులో నేను పెడలు తొక్కిన ప్రతిసారీ, యంత్రం పూర్తిగా ఆగేలోపల, నా పక్కన మాట సగంలో ఆపిన మనిషి ఒకడు నిలబడి ఉంటాడు. ఇప్పటికీ ఉంటాడు.

నన్ను చూడగానే అందరూ తిన్నవా అని అడిగితే, పెద్దనాయిన మాత్రం "చెయ్యి ఆగుతున్నదా?" అని అడిగేవాడు. "ఆగుతున్నది పెద్దనాయిన" అనేవాణ్ణి. "ఆగాలె" అనేవాడు. చదువు పూర్తయి ఉద్యోగం వచ్చిన రోజున కూడా అదే అడిగాడు. నేను బతికి ఇంజనీరునయ్యానంటే ఆ ప్రశ్న వల్లే. ఆయనకు ఆ మాట ఎదురుగా చెప్పి ఉంటే కసిరేవాడు, ఇక్కడ చెబుతున్నాను.

మా వాడలో పోయినవాళ్ళ పడుగును కోసి తీయరు. వాళ్ళ దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎవరైనా కూర్చొని, మిగిలింది నేసి దింపాలి. పెద్దనాయినకు అలాంటివాణ్ణి నేనొక్కణ్ణే. దినాలు అయ్యాక మళ్ళీ వెళ్ళాను. కళ్ళద్దాలు మగ్గం గుంజకు వేలాడుతున్నాయి. పెద్దమ్మ రాట్నం దగ్గర కూర్చొని ఉంది. ఆయన పోయిన రోజు ఏం జరిగిందో అప్పుడు చెప్పింది.

"మగ్గం ఆగింది బిడ్డా. పోగు తెగిందనుకున్న. నేను గూడ రాట్నం ఆపిన, ఎప్పటి లెక్కనే. ఎంతకూ చప్పుడు రాకపాయె. ఇయ్యాల జర ఎక్కువసేపు కూసున్నడు, పిలగాడు యాదికొచ్చిండేమో అనుకున్న. లేచొచ్చి సూస్తె చేతులు మోకాళ్ళ మీదనే ఉన్నయి."

నేను గుంటలోకి దిగాను. పోగు నిజంగానే తెగి ఉంది. ఆయన ముడివేయకుండా వదిలిపోయింది అదొక్కటే. దాన్ని చూశానో లేదో, నా చెయ్యి అప్పటికే పోయి కొస పట్టుకుంది.

వెనక నుంచి పెద్దమ్మ మెల్లగా అన్నది. "ఆగు బిడ్డా. ఆయన జరసేపు ఆగేటోడు."

కొస వదిలి చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాను. ఎంతసేపు ఆగేవాడో ఆమెకే తెలుసు. నేను రాట్నం చప్పుడు కోసం వింటూ కూర్చున్నాను. అది ఇంకా తిరగడం లేదు.