రెండడుగుల తొట్టెలో గౌరమ్మ

ఆ చేప జాతి పేరు గౌరామి. అనంతపురంలో చేపల దుకాణం పెట్టుకున్న జయచంద్ర ఆ మాటే సరిగ్గా పలికాడు గానీ, భద్రమ్మ చెవికి మాత్రం అది గౌరమ్మ అని వినిపించింది. అమ్మవారి పేరు పెట్టుకున్న ప్రాణిని దుకాణంలో వదిలేసి రావడం ఆమె వల్ల కాలేదు. అప్పుడది బొటనవేలంత ఉంది. జయచంద్ర దాన్ని నీళ్ళతో సహా ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతికి రబ్బరు బిగించి ఇచ్చాడు. ధర్మవరం బస్సులో భద్రమ్మ ఆ సంచిని ఒళ్ళో పెట్టుకుని, గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులా పైకెత్తి పట్టుకుంది. పక్కన కూర్చున్న మొగుడు మార్కండేయ, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారేమోనని కిటికీ వైపు తిరిగాడు.

మార్కండేయ పట్టుచీరలు నేసే మనిషి. ఇంటి ముందుగదిలో గుంత మగ్గం, ఆ గుంతలో కాళ్ళు వేలాడేసుకుని ముప్పై ఏళ్ళుగా నేస్తున్నాడు. భద్రమ్మ పక్కనే కూర్చుని కండెలకు దారం చుట్టేది. పిల్లలు కలగలేదు. ఆ సంగతి మాట్లాడుకోవడం ఇద్దరూ ఎప్పుడో మానేశారు. చేపల తొట్టెను మగ్గానికి ఎదురుగా గోడవార బల్ల మీద పెట్టారు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు.

రెండడుగులే ఎందుకంటే, జయచంద్ర చెప్పిన మాట ఒకటుంది. కొనేముందు భద్రమ్మ అడిగింది.

"ఏమప్పా, ఇది ఎంత పెద్దదైతాది?"

"తొట్టె ఎంతుంటే అంతే పెరుగుతాది లేక్కా. రెండడుగులది చాలు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. చేపలు అమ్మే దుకాణాల్లో ఈ మాట చెప్పి ఎన్ని మూగప్రాణుల గొంతు కోశారో లెక్క తీసే నాథుడు లేడు. కానీ మార్కండేయకు ఆ మాట వేదంలా తోచింది. తోచదా మరి? మగ్గానికి పన్నె అని ఉంటుంది, పడుగు పోగులన్నీ దాని పళ్ళ సందుల్లోంచే రావాలి. పన్నె ఎంత వెడల్పుంటే బట్ట అంతే. ఎంత గొప్ప నేతగాడైనా దానికి మించి ఒక్క పోగు నేయలేడు. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ లోకంలో బతికినవాడికి, అద్దాల మధ్య పెరిగే చేప కూడా అలాంటిదే అనిపించింది.

చేపకు ఆ సంగతి తెలియదు. ఏడాదికి అరచేయంత అయింది. మూడో ఏటికి జానెడు దాటింది. నుదురు ఉబ్బి, పెదవులు లావెక్కి, ముసలావిడ ముఖంలాంటి ముఖం వచ్చింది. మనుషుల్ని గుర్తుపట్టేది. భద్రమ్మ తోటకూర కడిగి ఒక్కో ఆకే అందిస్తే ఆమె వేళ్ళ సందుల్లోంచి మెల్లగా లాక్కునేది. మార్కండేయ అందిస్తే మాత్రం కాసేపు ఆకు వైపు చూసి, తర్వాత తినేది. "నీ చెయ్యి గరుకు, దానికి తెల్సు," అని భద్రమ్మ ఎగతాళి చేసేది. శుక్రవారం తొట్టె అద్దానికి పసుపూ కుంకుమా పెట్టేది. చేపకు బొట్టేమిటే పిచ్చిదానా అని మొగుడు నవ్వేవాడు గానీ, ఆమె ఏ శుక్రవారమైనా మరిచిపోతే తనే గుర్తుచేసేవాడు.

ఐదో ఏడు వచ్చేసరికి ఆ తొట్టెలో చేప తిరగాలంటే తోక అద్దానికి రాసుకునేది. ఒక చివర మొదలుపెడితే ఒంటిని ఒక్కసారి ఆడించేలోపే రెండో చివర వచ్చేసేది.

"దీనికి పెద్ద తొట్టె చేపిద్దామప్పా," అంది భద్రమ్మ.

"పన్నె దాటి బట్ట పోతాదా మే? తొట్టె దాటి ఇది యాడికి పోతాది?"

"బట్టకు పానం లేదు. దీనికి ఉండాది."

మార్కండేయ ఇంకో కారణం వెతుక్కున్నాడు. వెతుక్కోవడానికి దూరం పోనక్కర లేకపోయింది. వీధి కొళాయికి నాలుగు రోజులకొకసారి నీళ్ళు, ఎండాకాలంలో ఆ వరస కూడా తప్పేది. నీళ్ళు వచ్చే రోజు తెల్లవారకముందే బిందెలు బారులు తీరేవి. ఎదురింటి గంగక్క ఆ వరసకు కాపలా. ఎవరి బిందె ఎవరి తర్వాతో ఆమె చెబితే వీధంతా వినేది. భద్రమ్మ తన వంతు నీళ్ళలోంచే వారానికి రెండుసార్లు రెండేసి బిందెలు తొట్టెలో మార్చేది. అది చూసి ఒక రోజు గంగక్క అంది.

"మాకు తాగేకి లేవు. మీ ఇంట్లో చేప జలకాలాడతాండాది."

అందరూ నవ్వారు. భద్రమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. మార్కండేయ మాత్రం నవ్వలేదు. ఆ మాట గుండెలో ముల్లులా దిగి అక్కడే ఉండిపోయింది. అతనిది అలాంటి మనసు. ఎవరినీ ఏదీ అడగడు, ఎవరితోనూ ఒక మాట పడడు. పెద్ద తొట్టె అంటే యాభై బిందెల నీళ్ళు. మనుషులు నీళ్ళకు మొహం వాచిన వీధిలో, చేప కోసం యాభై బిందెలు నింపుకుని ఏ ముఖం పెట్టుకుని తిరగాలి? ఆ ఆలోచన తప్పని నేను అనను. కానీ చిన్న తొట్టెలోనే చేపను ఉంచేసి, వీధికి న్యాయం చేస్తున్నానని అతను అనుకోవడం మాత్రం తప్పు. అంత న్యాయం తెలిసినవాడు ఆ చేపను కొననే కూడదు. కొన్నాక ఇంక వెనక్కి తగ్గకూడదు. భద్రమ్మ ఏడాదికి నాలుగుసార్లు అడిగేది, అతను చూద్దాంలే అనేవాడు. అలా తొమ్మిదో ఏడు వచ్చింది.

ఆ ఏడు మాఘమాసంలో భద్రమ్మ ఐదు రోజుల జ్వరంతో పోయింది. అనంతపురం ఆసుపత్రిలో మంచం మీద ఉండి కూడా తోటకూర సంగతి అడిగింది. చేప తిన్నదని మార్కండేయ అబద్ధం చెప్పాడు. రెండు రోజులుగా ఇంటికే పోలేదతను.

"దానికి తొట్టె కట్టిచ్చప్పా. నిన్ను నేనడిగింది అదొక్కటే," అంది. నిజమే. పాతికేళ్ళ కాపురంలో ఆమె చీర అడగలేదు, ఊరు చూపించమనలేదు. అతను నేసిన చీరలన్నీ వేరే ఆడవాళ్ళే కట్టారు.

కర్మకాండలు ముగిశాక మార్కండేయ మగ్గం దగ్గర కూర్చోలేకపోయాడు. తొట్టె ముందు కూర్చున్నాడు. చేప భద్రమ్మ కూర్చునే వైపు అద్దానికి మూతి ఆనించి, కదలకుండా ఉండేది. ఆకు అందిస్తే మూడు రోజులు ముట్టలేదు. నాలుగో రోజు తిన్నది. అప్పుడు దాన్ని మొదటిసారి సరిగ్గా చూశాడు. తొమ్మిదేళ్ళు ఎదురుగా ఉన్నా, నేతగాడి కళ్ళు ఎప్పుడూ పోగుల మీదే ఉంటాయి కదా. వీపు వంకర తిరిగి ఉంది. తోక దగ్గర ఒక పక్కకు మడతపడినట్టుంది. ఫోనులో ఫొటో తీసుకుని అనంతపురం బస్సెక్కాడు.

జయచంద్ర ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

"ఇది రెండడుగులు పెరిగే చేపన్నా. ఆరడుగుల తొట్టెలో ఉండాల. తిరిగేకి జాగా లేక వెన్ను వంగిపోయిండాది."

"తొట్టె ఎంతుంటే అంతే పెరుగుతాదని నువ్వే కదప్పా చెప్పినావు."

"అమ్మేటప్పుడు అందరూ అట్లే చెప్తారన్నా." జయచంద్ర తల దించుకున్నాడు. "పైకి పెరిగేది ఆగుతాది. అంటే బాగుండాదని కాదు. ఉన్న పానాన్ని ఈడ్చుకుంటా బతుకుతాదంతే. ఇప్పుడన్నా పెద్దదాంట్లో వేస్తే ఇంకో పదేండ్లు ఉంటాది."

పదేళ్ళు అన్న మాట పట్టుకుని మార్కండేయ ఇంటికి వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా ఆ ఆకులను అతను ఎంత గట్టిగా పట్టుకున్నాడో చెప్పాలి. మేస్త్రీ యేసన్నను పిలిచి, పెరట్లో ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు సిమెంటు తొట్టె కట్టించాడు. పైన తాటాకు నీడ వేయించాడు. పని అయ్యాక యేసన్న తాపీ కడుక్కుంటూ చెప్పాడు.

"ఇది కొత్త సిమెంటన్నా, సున్నం ఊరుతాది. నీళ్ళు నింపి మూన్నాళ్ళు పెట్టి పారబొయ్యాల. అట్ల నాలుగు మార్లన్నా చెయ్యాల. అరటి బోదెలు కోసి వెయ్యి, మంచిది. అది దిగకముందే చేపను వదిల్తే మొప్పలు కాలిపోతాయి, చూసుకో."

మార్కండేయ ఆటోలో డ్రమ్ముల కొద్దీ నీళ్ళు కొని తెప్పించి నింపాడు. మూడు రోజులయ్యాక అడుగున తూముకు కుక్కిన గుడ్డ పీకాడు. నీళ్ళు తెల్లగా, పెరట్లోంచి సందులోకి, సందులోంచి వీధి కాలువలోకి పారాయి. కొళాయి రాని ఐదో రోజది. ట్యాంకరు వస్తుందేమోనని ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో అరుగుల మీద కూర్చుని ఉన్నారు. వాళ్ళ కాళ్ళ ముందు నుంచే యాభై బిందెల నీళ్ళు కాలువలో పోయాయి. గంగక్క నీళ్ళ వంక చూసి, అతని వంక చూసింది. ఆమె తిట్టి ఉంటే అతను బతికిపోయేవాడు.

మళ్ళీ నింపాడు. కానీ ఈసారి గుడ్డ పీకే ధైర్యం చాలలేదు. మూడేసి రోజుల చొప్పున నాలుగు మార్లంటే పన్నెండు రోజులు కదా, ఈ నీళ్ళే పన్నెండు రోజులు నానితే సరిపోదా అని లెక్క వేసుకున్నాడు. చూడడానికి పొంతన కుదిరిన లెక్కే. అరటి బోదెలు వేశాడు, తీశాడు. పదమూడో రోజు పొద్దున తొంగిచూస్తే నీళ్ళు అద్దంలా తేటగా ఉన్నాయి, అడుగున గచ్చు కనబడుతోంది. ఆ రోజు శుక్రవారం. ఇంక ఆగలేకపోయాడు.

తడి దుప్పటిలో చేపను ఎత్తి పెరట్లోకి తెచ్చాడు. అది కొట్టుకోలేదు, నోరు తెరిచి అతన్నే చూసింది. తొట్టెలోకి దించి దుప్పటి తీశాడు. చేప కాసేపు ఉన్నచోటే ఉంది. తర్వాత ఒంటిని ఒకసారి ఆడించింది. అద్దం రాలేదు. మళ్ళీ ఆడించింది. ఆ వంకర ఒంటితోనే ఈ చివర నుంచి ఆ చివర దాకా, ఆరడుగులు, ఎక్కడా ఆగకుండా పోయింది.

"మే, ఇట్ల రా, చూడు," అని మార్కండేయ ఇంట్లోకి కేక వేశాడు.

వేశాక గుర్తొచ్చింది. తొట్టె గట్టు పట్టుకుని అక్కడే కూలబడి, భద్రమ్మ పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాడు. తర్వాత లేచి, మనసు తేలికపడి, పాత తొట్టెలో నీళ్ళన్నీ కరివేపాకు చెట్టుకు పోసి, దాన్ని కడిగి ఎండలో బోర్లించాడు.

పది గంటలప్పుడు తోటకూర తీసుకుని వెళితే చేప గోడకు ఒళ్ళు రుద్దుకుంటోంది. ఒంటి మీద తెల్లగా జిగురు పొర కట్టింది. మొప్పలు ఎర్రగా పుండులా తెరుచుకుని ఉన్నాయి. మార్కండేయకు యేసన్న మాట చెంప మీద కొట్టినట్టు తగిలింది. పారబోయని సున్నమంతా ఆ తేట నీళ్ళలోనే ఉంది. మంచినీళ్ళలో వేయాలి. పాత తొట్టె ఎండలో ఉంది. ఇంట్లో బిందె మూత తీస్తే అడుగున రెండు చెంబుల నీళ్ళు.

బిందె పట్టుకుని వీధిలోకి పరుగెత్తాడు. జన్మలో ఎవరి గడపా తొక్కి ఏదీ అడగని మనిషి, గంగక్క వాకిట్లో నిలబడి, "అక్కా, నీళ్ళు కావల్ల. చేప సచ్చిపోతాంది," అన్నాడు. గంగక్క ఒక్క ప్రశ్న అడగలేదు. లోపలికి పోయి, ఇంట్లో ఉన్న రెండు బిందెల్లో ఒకటి నడుముకెత్తుకుని వచ్చింది. వస్తూ వస్తూ వీధికంతా వినబడేలా పిలిచింది. ఒక్కొక్క ఇంటి నుంచి ఒక్కొక్క బిందె బయటికి వచ్చింది. తాగడానికని దాచుకున్న నీళ్ళవి. ఇద్దరు పాత తొట్టెను మోసుకొచ్చి పెరట్లో నిలబెట్టారు. గంగక్క తన బిందె అందులో వంచింది, వెనకే ఇంకో ఇద్దరు వంచారు. మార్కండేయ సిమెంటు తొట్టెలో చేతులు పెట్టి చేపను ఎత్తాడు. ఆ మంచినీళ్ళలోకి దించితే అది ఒక పక్కకు ఒరిగి, అట్లాగే ఉండిపోయింది. తోక కింద చెయ్యి పెట్టి అతను చాలాసేపు దాన్ని నిలబెడుతూనే ఉన్నాడు. వదిలితే ఒరిగేది. ఇంక చాల్లేప్పా అని ఎవరో అనేదాకా వదల్లేదు.

మిగతా బిందెలు పెరట్లో నిండుగానే ఉన్నాయి. మధ్యాహ్నమైంది. ఎవరూ వాటిని తిరిగి తీసుకుపోలేదు. చేపను పాత పట్టుగుడ్డలో చుట్టి, కరివేపాకు చెట్టు దగ్గర గుంత తీసి పెట్టారు. అందరూ వెళ్ళాక గంగక్క మాత్రం అతని పక్కన కూర్చుంది.

"ఆ పొద్దు నేను నవ్వులాటకు అన్నానప్పా ఆ మాట. నువ్వు దాన్ని మనసులో పెట్టుకుంటివా? ఒక్క మాట అడిగింటే తలా ఒక బిందె పోసింటిమి గదా, ఇన్నేండ్లూ."

మార్కండేయ గుంత మీది మట్టిని అరచేత్తో సర్దాడు.

"భద్రమ్మ అడుగుతానే ఉన్నింది గంగక్కా. నేనే ఎవుర్నీ అడగలేదు."