పెద్దమ్మ వీలునామాకు వచ్చినవాళ్లు

మా పెద్దమ్మ తన వీలునామాకు నన్ను అమలుకర్తగా పెట్టిందని తెలిసిన రోజు ఇంట్లో అందరూ నవ్వారు. కండక్టరుతో చిల్లర దగ్గర, రేషన్ డీలరుతో తూకం దగ్గర, మా హెడ్‌మాస్టరుతో టైంటేబుల్ దగ్గర గొడవపడకుండా నేను ఇంటికొచ్చిన రోజులు తక్కువ.

"సరిగ్గనే ఎంచింది మా అక్క. కోర్టోళ్లకు నువ్వే సరిపోతవ్," అంది మా అమ్మ.

పెద్దమ్మ మిషన్ దవాఖానలో నర్సు. పెళ్లి చేసుకోలేదు. ఉద్యోగం సగానికి పైగా జహీరాబాద్ దాటాక, కర్ణాటక గడ్డ మీదున్నా తెలుగే మాట్లాడే ఒక చిన్న ఊళ్లో గడిచింది. అక్కడ ఒక పెంకుటిల్లు, దాని వెనక కొంత మెట్టచేను కొనుక్కుంది. తర్వాత ఇటు వచ్చి, పటాన్‌చెరువు నుంచి బొల్లారం పోయే తోవలో ఇంకో ఇల్లు కట్టుకుంది. కట్టినప్పుడు చుట్టూ జొన్నచేలు. ఆమె పోయేనాటికి చుట్టూ మందుల ఫ్యాక్టరీలు. బావి నీళ్లకు రంగు వచ్చింది, జాగకు ధర వచ్చింది.

ఆ చిన్న ఊళ్లోనే ఒకామె కాన్పులో చనిపోతే, పుట్టిన ఆడపిల్లను పెద్దమ్మ ఇంటికి తెచ్చుకుని పెంచింది. ఆ పిల్లను నేను చెల్లె అనే పిలిచాను, ఇప్పటికీ అంతే. దత్తత కాగితం లేదు, ఉన్నా మా క్రైస్తవుల చట్టంలో పెద్దగా పనికొచ్చేది కాదట. అందుకే పెద్దమ్మ రెండు ఇళ్లూ, చేనూ ఆమెకే రాసి పెట్టింది. వీలునామా నిలబడితే చెల్లెకు తలదాచుకునే చోటు ఉంటుంది. నిలబడకపోతే ఆస్తి మా అమ్మకూ, చనిపోయిన మేనమామ తరఫున ఆయన కొడుక్కీ పోతుంది. మా అమ్మ తనకొద్దంది. మేనమామ కొడుకు, అంటే మా బావ, ఫ్యాక్టరీవాళ్లకు ప్లాట్లు చూపించే మనిషి. ఆయన వద్దనలేదు.

చెల్లె అప్పటికే బొల్లారంలో మాత్రలు ప్యాక్ చేసే పనిలో ఉంది. షిఫ్టు బస్సు దిగి, యూనిఫాం మీదే నాతోపాటు సంగారెడ్డి వకీలు దగ్గరికి వచ్చింది.

"అమ్మా, క్రైస్తవుల వీలునామాకు కోర్టు ముద్ర పడాలె. ప్రొబేట్ అంటరు. అది లేకుంటె ఇది ఉత్త కాగితమే," అన్నాడు వకీలు. అప్పటి చట్టం అంతే.

"అయితే ముద్ర ఏయించుండ్రి," అన్నాను.

"గంత ఆసాన్ గాదు. ఇక్కడి జిల్లా కోర్టు ముద్ర మన రాష్ట్రం దాకనే. అవతల ఇల్లు, చేను ఉన్నయి గద? అది కర్ణాటక."

"మా పెద్దమ్మ ఒక్కపారే సచ్చిపోయింది సార్. రాష్ట్రానికొకపారి సావలే."

ఆయన కళ్లజోడు తీసి చాలాసేపు నవ్వాడు. తర్వాత విడమరిచి చెప్పాడు. అవతలి ఆస్తి విలువ బాగా తక్కువని అక్కడి తహసీల్దారు రాసిస్తే సంగారెడ్డి కోర్టు కాగితమే రెండు పక్కలా చెల్లుతుంది. లేదంటే హైకోర్టు దాకా పోవాలి. రెండు చోట్లా ఇంటి తలుపులకు కోర్టు నోటీసు అంటించాలి. ఈ వీలునామాకు అభ్యంతరం ఉన్నవాళ్లు ఫలానా రోజు వచ్చి చెప్పుకోవాలని అందులో ఉంటుంది. ఎవరూ రాకపోతే బతికున్న సాక్షి ఒక్కడు చెబితే సరిపోతుంది. ఎవరైనా వస్తే కేసు ఏళ్లకేళ్లు సాగుతుంది.

బావ తాను వస్తానని ముందే చెప్పాడు. "నేనొక్కన్నే అనుకుంటున్నవా? ఆ ఊరోళ్లు సుత భూమి ఇడ్సిపెడ్తరా? మందలెక్క దిగుతరు సూడు," అని మా గడపలో నిలబడి నవ్వాడు. తలుపు మొహాన వేశాను గానీ, ఆ మాట మాత్రం లోపలికే వచ్చింది.

అవతలి తహసీల్దారుతో కొట్లాటకు సిద్ధమై పోయాను. సగం పెంకులు రాలిన ఇంటిని చూసి, ఆయన మారు మాట్లాడకుండా రాసిచ్చాడు. అక్కడి కోర్టు జవాను తలుపుకు నోటీసు అంటిస్తుంటే ఊరి ఆడవాళ్లు చుట్టూ మూగారు. వాళ్లలో ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆ దినం కోర్టుల ఏం జేస్తరు బిడ్డా?"

"పేరు పిలుస్తరు. అడ్డం చెప్పేటోళ్లు ఉన్నరా అని అడుగుతరు."

"ఎన్నిపార్లు పిలుస్తరు?"

"మూడు పార్లు. నీకెందుకవ్వా గివన్ని?"

"లోపట్నా, అందరికి ఇనబడేటట్టు బయటనా?"

"బయట, వరండాల."

"మంచిగున్నది," అని తల ఊపి, వెనకున్నవాళ్ల వైపు చూసింది. వాళ్లూ తల ఊపారు. తిరుగు బస్సులో కూర్చుని, బావ చెప్పింది నిజమే అనుకున్నాను.

వాయిదా రోజు సంగారెడ్డి కోర్టు గేటు ముందు లారీ ఆగి ఉంది. దాని వెనక తలుపు పట్టుకుని ఆ ఊరివాళ్లు ఒక్కొక్కరే దిగుతున్నారు. ముసలివాళ్లు, మగవాళ్లు, చంటిపిల్లల తల్లులు. అందరూ చర్చికి కట్టుకునే బట్టల్లో ఉన్నారు. చెల్లె నా వెనక్కి జరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఎవరు రమ్మన్నరు మిమ్ముల? ఆమె పోయి ఏడాదన్న కాలే, అప్పుడే చేను మీద పడ్డరా? ఈ పిల్లకు గా ఆస్తి తప్ప ఏమున్నది? జెరంత సిగ్గుండాలె!"

ఇంకా చాలా అన్నాను. ముసలమ్మ చివరిదాకా విని, సంచిలోంచి నీళ్ల సీసా తీసి నాకిచ్చింది.

"అయ్యిందా బిడ్డా? ఇగ గొంతు తడుపుకో. అడ్డం చెప్పనీకి రాలే మేము. చెప్పకుండ నిలబడనీకి వచ్చినం."

నాకు అర్థం కాలేదు.

"పెండ్లికి ముందు మూడు ఐతారాలు చర్చిల ప్రకటన సదువుతరు గద, అడ్డమున్నోళ్లు చెప్పుండ్రి అని. మీకాడ సదవరా?"

"సదువుతరు."

"గప్పుడు ఊరంత ఇంట్ల పండుకుంటె, ఎవ్వరు అడ్డం చెప్పలేదన్న మాటకు ఇలువేముంటది? కూసోవాలె, ఇనాలె, ఇని ఊకోవాలె. అప్పుడే గద ఒప్పుకున్నట్టు. కోర్టు గూడ గట్లనే అడుగబట్టె. మా చర్చిల సుత మూడు ఐతారాలు సదివించినం నర్సమ్మ కాగితం. ఒక్కరు లేవలే. ఈడ గూడ లేవమని చెప్పనీకి వచ్చినం."

చదువుకున్నదాన్ని, కోర్టు నోటీసును నాలుగుసార్లు చదివినదాన్ని. అది ఊరందర్నీ రమ్మనే పిలుపని నాకెప్పుడూ తోచలేదు. సీసా మూత తీసి నీళ్లు తాగాను.

అంతలో బావ తన వకీలుతో వచ్చాడు. చొక్కా జేబులో అభ్యంతరం రాసి మడతపెట్టిన కాగితం. జనాన్ని చూసి మొహం వెలిగిపోయింది. ముసలమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

"నువ్వెవరు బిడ్డా?"

"ఆమె తమ్ముని కొడుకుని."

"అయ్యో, సొంతోనివి! ఎనక నిలబడ్డవేంది? ప్రకటనప్పుడు సొంతోళ్లు ముందలుండాలె," అని ఆయన రెక్క పట్టుకుని వరండా మెట్ల దాకా తోసుకుపోయింది. అందరూ దారి ఇచ్చారు. "జెర ఇది పట్టుకో, నా నడుము నొస్తున్నది," అని తన గుడ్డసంచిని ఆయన రెండు చేతుల్లో పెట్టింది.

బంట్రోతు బయటికొచ్చి పెద్దమ్మ పూర్తి పేరు పిలిచాడు. బతికుండగా ఆమెను ఎవరూ అంత నిండుగా పిలవలేదు, అందరికీ నర్సమ్మే. ఆమె వీలునామాకు అభ్యంతరం చెప్పేవారు ఉన్నారా అని అడిగాడు. లారీ మనుషులు తలలు దించుకుని చేతులు కట్టుకున్నారు. ఒక తల్లి ఏడవబోతున్న పిల్లను కొంగు చాటుకు తీసుకుంది. బంట్రోతు రెండోసారి పిలిచాడు. ఆవరణలో దస్తావేజులు కొట్టే టైపు మిషన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. ఏం జరుగుతోందని చాయ్ కొట్టు దగ్గరున్నవాళ్లు ఇటు తిరిగారు. మూడోసారి పిలిచేటప్పుడు బంట్రోతే గొంతు తగ్గించాడు.

అంత నిండైన మౌనాన్ని నేను చర్చిలో కూడా వినలేదు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లు, ఆమె చేతుల్లో బిడ్డల్ని కన్నవాళ్లు, రాష్ట్రం దాటి వచ్చి ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డారు. చెల్లె నా చెయ్యి నొప్పి పుట్టేలా పట్టుకుంది.

బావ వకీలు ఆయన్ని మోచేత్తో పొడిచాడు. బావ రెండు చేతుల్లో సంచి ఉంది. జేబులో కాగితం ఉంది. ఆయన పుట్టినప్పటి నుంచి చర్చిలో ప్రకటనలు వింటూ పెరిగినవాడే. ముసలమ్మ ఆయన పక్కనే కళ్లు మూసుకుని ఉంది. ఆయన కదల్లేదు.

లోపల జడ్జిగారు కిటికీలోంచి చూసి, "ఎవరయ్యా వీళ్లంతా?" అన్నారు.

వీలునామాకు సాక్షి ఆ ఊరి చర్చి సంఘపెద్ద. బోనులోకి ఎక్కుతూ చేతులు జోడించాడు. "సాక్షిని నేనొక్కన్నే సార్. వాళ్లు ఊకుండనీకి వచ్చిన్రు."

"ఊరుకోవడం సాక్ష్యం కాదు," అన్నారు జడ్జిగారు. తర్వాత బంట్రోతుతో మెల్లిగా, "వాళ్లను ఎండలో నిలబెట్టకు. నీడకు కూర్చోమను," అన్నారు.

బయటికొచ్చాక బావ సంచి తిరిగి ఇచ్చేసి, "ఆ ముసలిది కండ్లు మూసుకోని గూడ నా దిక్కే సూస్తున్నట్టు అనిపించింది," అని గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. జేబులో కాగితం ఏమైందని నేను అడగలేదు. నేను అడగకుండా వదిలేసిన కొద్దివాటిలో అదొకటి.

కొన్ని నెలలకు ముద్ర వేసిన కాగితం చేతికొచ్చింది. దాన్ని పట్టుకుని చెల్లెతో ఆ ఊరికి వెళ్లాను. ఆదివారం. చర్చిలో కాగితం పైకి చదవాలని పట్టుబట్టారు. గుమ్మంలో ఆగిపోయిన చెల్లెను ముసలమ్మ రెక్క పట్టుకుని ముందు వరుసకు తీసుకుపోయింది.

"ఈడ కూసో. సొంతదానివి."

నన్ను వెనక, చెప్పుల దగ్గర కూర్చోబెట్టారు. కూర్చున్నాను, విన్నాను, ఊరుకున్నాను.