జోగమ్మ నామినేషన్ కాగితం

నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. పొద్దున విన్నది మధ్యాహ్నానికల్లా ఎవరో ఒకరి చెవిన వేయకుండా ఉండలేను. అలాంటి నేను ఒక్క సంగతి మాత్రం ఏడేళ్ళుగా లోపలే పెట్టుకొని తిరుగుతున్నాను. మా ఆయనకు తెలియదు. నాతో పనిచేసేవాళ్ళకు తెలియదు. తెలియాల్సిన మనిషికి తెలుసో లేదో నాకు తెలియదు. బరువంతా అక్కడే ఉంది. నేనెవరో మీకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

నేను ఖమ్మంలో ఒక పార్కుకు సూపర్‌వైజర్‌ని. పార్కుల్లో, ఆటస్థలాల్లో పనిచేసే మాలీలు, వాచ్‌మెన్లు, కోచ్‌లు, మాబోటి సూపర్‌వైజర్లు కలిసి పెట్టుకున్న సంఘం ఒకటుంది. దానికి అధ్యక్షురాలిని కూడా నేనే. ఏకగ్రీవంగా ఎన్నికయ్యానని ఆఫీసు గోడ మీద బోర్డులో రాసి ఉంటుంది. ఆ మాట వెనక ఏముందో చెప్పాలి.

జోగమ్మ అక్కది చండ్రుగొండ దాటి అడవిలోకి పోయే దారిలో ఒక కోయ ఊరు. దినకూలీ మాలీగా చేరి సూపర్‌వైజర్ దాకా వచ్చిన మనిషి. నేను హార్టికల్చర్ డిప్లొమా పట్టుకొని కొత్తగా వచ్చిన రోజుల్లో, వాడిపోయిన మొక్క ముందు నిలబడి పుస్తకంలో ఏం చదివానో గుర్తు తెచ్చుకుంటుంటే, ఆమె వచ్చి వేరు దగ్గర మట్టి నలిపి చూసేది. "దీనికి నీళ్ళు ఎక్కువైనయి, డిప్లొమా" అని తన దారిన పోయేది. అదే నా పేరైపోయింది. మొదట్లో ఒళ్ళు మండేది. ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలిచే మనిషి లేక, వినాలని ఎంత ఉంటుందో చెప్పలేను.

మధ్యాహ్నాలు ఇద్దరం పంపు షెడ్డు నీడలో అన్నం తినేవాళ్ళం. ఆడ మాలీలందరిదీ అదే చోటు. మోటారు పక్కన, ఎరువు బస్తాల మీద కూర్చొని తినడం. తడిసిన చీర మార్చుకోవాలంటే ఒకరు చాటు పట్టాలి. జోగమ్మ అక్క సంఘం ఎన్నికల్లో అధ్యక్ష పదవికి నిలబడాలనుకున్నది అందుకే. ప్రతి పార్కులో ఆడవాళ్ళకు ఒక గది, దాని తలుపుకు లోపల గడియ. ఆమె అడిగింది అంతే. ఆమె చెబుతుంటే ఫారం నేనే నింపాను. ప్రతిపాదించినవారు అన్నచోట సంతకమూ నాదే.

నామినేషన్ల చివరి రోజు వాళ్ళ విత్తనాల పండుగలో పడింది. వానలకు ముందు, గింజ మట్టిలో పడకముందు చేసుకునే పండుగ అది. ఆ మూడు రోజులు ఎవరూ పొలిమేర దాటి పనికి పోకూడదని వాళ్ళ ఊరి కట్టుబాటు. దాటితే, ఆ యేడు పంటకు ఏం జరిగినా ఊరంతా ఆ మనిషి వైపే చూస్తుంది. ఆమె ఫారం నా చేతిలో పెట్టి, నువ్వే ఇచ్చిరా అని చెప్పి బస్సెక్కింది. గడువు రెండు రోజులు పెంచమని సంఘాన్ని అడగవచ్చు. ఆమెకు తోచలేదు. నాకు తోచింది. అడగలేదు. తప్పు అక్కడే మొదలైందా?

చివరి రోజు ఆఫీసుకు వెళ్ళాను. ఫారం బ్యాగులో, టిఫిన్ బాక్సు కింద ఉంది. అప్పటికి ఒక్క నామినేషనూ పడలేదు. అక్కడ టీ తాగుతున్న పెద్దవాళ్ళలో ఒకాయన, ఈసారి చదువుకున్న ఆడపిల్ల నిలబడితే బాగుంటుంది, నువ్వు నిలబడరాదా అంటూ ఖాళీ ఫారం నా ముందుకు జరిపాడు. జోగమ్మ అక్క నిలబడుతోందని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను చెప్పలేదు. పెన్ను తీసుకొని నా పేరు రాసుకున్నాను. ఒక్క కొట్టివేత లేకుండా, గుండ్రంగా రాసుకున్నాను. నన్ను ఇప్పటికీ భయపెట్టేది అదే.

ఎందుకు చేశాను? ఇద్దరం పోటీపడితే ఆమే గెలుస్తుందని తెలుసు కాబట్టా, ఇన్నేళ్ళు నా తప్పులు దిద్దిన మనిషిని ఒక్కసారైనా దాటిపోవాలని లోపలెక్కడో ఉండబట్టా, లేక నాలుగు ముక్కలు బాగా మాట్లాడగలదాన్ని కనుక ఆమె గదులేవో నేనే కట్టించవచ్చులే అని నన్ను నేను మభ్యపెట్టుకోవడం వల్లా? మూడూ నిజమే. మూడింటిలో ఏది ముందు పుట్టిందో మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

ఎన్నికలు చూసే రిటైర్డ్ కోచ్ గడియారం వైపు చూశాడు. "ఇంకేమన్నా ఉన్నయా అమ్మా?" అని అడిగాడు.

"లేవు సార్" అన్నాను.

తడిగుడ్డతో గొంతు కోయడం అంటారే, అది ఇంత మెల్లగా, ఇంత మర్యాదగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది.

పండుగ అయ్యాక ఆమె వచ్చింది. పంపు షెడ్డు దగ్గరే నిలబడి చెప్పాను. "బస్సు లేటైందక్కా. నేను పోయేసరికి టైమైపోయింది. ఎవ్వలూ లేరని వాళ్ళే నాతోటి రాయించిండ్రు."

ఆమె నా ముఖంలోకి చూసింది. "టైమైపోయినంక నీది తీస్కున్నరా?"

"అవ్ అక్కా."

ఆమె కొంగు ముడి విప్పి, పండుగలో దేవత ముందు పెట్టిన గింజలు మోదుగాకులో చుట్టినవి నా చేతిలో పెట్టింది. ముందే నాకోసం తెచ్చినవి. "మంచిది. రూములు మాత్రం మరువకుండ్రి, మేడం" అంది.

మేడం. ఆ రోజు నుంచి రిటైరై ఊరికి వెళ్ళిపోయేదాకా అదే పిలుపు. ఒక్క మాట తూలలేదు. మధ్యాహ్నం పక్కనే కూర్చొని తినేది, ఊరగాయ కూడా వేసేది. కానీ డిప్లొమా అనలేదు. ఆ గింజలు నాటే ధైర్యం నాకు రాలేదు, పారేసే ధైర్యమూ రాలేదు. పురుగు పట్టి పొడైపోయాయి.

గదులు కట్టించాను. అన్ని పార్కుల్లో కాదు, కొన్నింట్లో. మా పార్కులో గదికి రిబ్బను నేనే కత్తిరించాను. అందరూ మెచ్చుకున్నారు. ఆడవాళ్ళు అందులో కూర్చొని నవ్వుకుంటూ తింటుంటే బయట నుంచి వింటాను. రమ్మంటారు. ఆకలి లేదంటాను. ఇంతవరకు ఆ గదిలో ఒక్క ముద్ద తినలేదు.

విత్తనాల పండుగకు ఆ ఊళ్ళ ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా తాడు పట్టి వచ్చేపోయే బండ్లను ఆపుతారు. పాట పాడి, చేతిలో ఏదైనా పెడితే వదులుతారు. ఆమె వెళ్ళిపోయినప్పటి నుంచి ఏటా ఆ రోజుల్లో ఏదో ఒక ఆటస్థలం చూసే పని కల్పించుకొని ఆ దారిన పోతున్నాను. తాడు దగ్గర ఆగుతాను, ముఖాలన్నీ వెతుకుతాను, ముందుకు పోతాను. ఈ యేడు తాడు కొస ఆమె చేతిలోనే ఉంది. జుట్టంతా నెరిసింది.

"రూములు కట్టినవంట" అంది.

"అవ్ అక్కా."

"గడియ లోపల్నే పెట్టిచ్చినవా?"

"లోపల్నే."

ఆమె తల ఊపి, అలాగే చూస్తూ నిలబడింది. ఇప్పుడు చెప్పు, ఇప్పుడే చెప్పు అని నా ప్రాణం కొట్టుకుంది. ఆమె ఎదురుచూస్తోందనే అనిపించింది. వెనక లారీ హారన్ కొట్టింది. ఆమె తాడు కిందికి వదిలింది. "పో మేడం, ఎనక బండ్లు ఆగినయి" అంది. పోయాను. కొంత దూరం పోయాక బండి పక్కకు ఆపి ఏడ్చాను. క్షమించమని అడగాలని కూడా లేదు. ఒక్కసారి డిప్లొమా అని పిలిస్తే చాలు. అది అడిగి తీసుకునేది కాదని తెలుసు.

వచ్చే నెలలో మళ్ళీ ఎన్నికలు. ఈసారి కూడా ఏకగ్రీవమే మేడం అంటున్నారు అందరూ. ఆ రిటైర్డ్ కోచే మళ్ళీ గడియారం చూసి అదే మాట అడుగుతాడు. అక్కడ, అందరి ముందు నాకు నోరు పెగులుతుందో లేదో మాట ఇవ్వలేను. ఇక్కడ మాత్రం చెప్పగలను. ఫారం నా ఎదురుగానే ఉంది. మడతల దగ్గర చిరిగింది. అక్షరాలు నావి, కింద సంతకం ఆమెది, ఒక్కో అక్షరం నిలబెట్టి నిలబెట్టి రాసింది.

ఇంకేమన్నా ఉన్నయా అమ్మా?

ఉంది సార్. జోగమ్మది ఒకటి ఉంది. అప్పుడు కూడా నా దగ్గరే ఉంది.