గడియారం కాలికి కట్టిన తీగ

నేను వాడే చిప్పుకి ఎనిమిది కాళ్లు. రెండు దాని కరెంటుకే పోతాయి. ఇంకొకటి ప్రోగ్రామును మళ్లీ మొదటికి తెచ్చే కాలు, దాని జోలికి నేను పోను. మిగిలిన ఐదింటితోనే నా బతుకుదెరువు. మైపాడు రోడ్డులో నాకు చిన్న రిపేరు కొట్టు ఉంది. అందులో రొయ్యల గుంటలకి అలారం పెట్టెలు చేస్తాను. గుంటలో నీళ్లను చిలికే ఏరేటర్లు ఆగిపోతే పెట్టె సైరన్ మోగిస్తుంది, రైతు ఫోనుకి రింగు ఇస్తుంది. నీళ్లలో గాలి తగ్గితే రొయ్య ఎంతోసేపు ఓర్చుకోదు. మబ్బు పట్టిన రోజైతే మరీ త్వరగా పోతుంది.

సైరనుకి ఒక కాలు, ఫోనుకి ఒకటి, అంతా బాగుందని చెప్పే పచ్చ లైటుకి ఒకటి, ఏరేటర్ల తీగకి ఒకటి. కొన్నాళ్లకి రైతులు ఇంకో మాట అడిగారు. మోటారు చెడి ఏరేటర్లు ఆగాయో, లైన్లో కరెంటే పోయిందో మోతను బట్టి తెలియాలన్నారు. ఒకదానికి మెకానిక్కుని పిలవాలి, రెండోదానికి జనరేటరు వేయాలి. నా దగ్గర మిగిలింది ఒక్క కాలు, గడియారం కాలు.

చిప్పు ఒక్కో అడుగు వేయడానికి ఒక్కో తట్టు కావాలి. ఆ తట్టు దాని లోపలి గడియారం నుంచి రావచ్చు, లేదా ఈ కాలి మీదుగా బయట నుంచి రావచ్చు. ఏది కావాలో ఒక సెట్టింగులో చెప్పాలి. లోపలిది చాలనుకుంటే ఈ కాలు ఖాళీ, మామూలు తీగ ఏదైనా కట్టుకోవచ్చు. నేను లైన్లో కరెంటు ఉందో లేదో చూసే తీగను దానికి కట్టాను. కరెంటు ఉన్నంతసేపు ఆ తీగ సెకనుకి యాభై సార్లు కాలిని తడుతూ ఉంటుంది. తట్టడం ఆగితే కరెంటు పోయినట్టు, అప్పుడు పెట్టె తన బ్యాటరీతో నడుస్తూ అరవాలి. ఎనిమిది కాళ్ల చిప్పుతో ఇంత పని చేయించానని ఆ రోజుల్లో నాకు నేనే ముచ్చటపడేవాణ్ణి.

ఒకసారి కొత్త చిప్పులు అయిపోయాయి. ఇద్దరు రైతులు తొందరపెడుతున్నారు. అంతకుముందు చేసి వదిలేసిన మేత టైమర్లలోంచి రెండు చిప్పులు పీకి, వాటిలో కొత్త ప్రోగ్రాం ఎక్కించి పెట్టెలు బిగించేశాను. ఆ టైమర్లు బయటి తట్టుతో నడిచేవి. ప్రోగ్రాం మారిస్తే సెట్టింగు మారదు, దాన్ని విడిగా మార్చాలి. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఆ మధ్యాహ్నం తట్టలేదు, అంతే.

పెట్టె చేశాక ప్లగ్గు పీకి చూడాలి. అలా చూస్తే సైరన్ ఆగి ఆగి చాలాసేపు అరుస్తుంది, పక్క టీకొట్టాయన వచ్చి విసుక్కుంటాడు. అందుకని నేను ఏరేటర్ల తీగ మాత్రం ఊడదీసి, సైరన్ ఒక్క కూత కూయగానే తగిలించేసేవాణ్ణి. ఆ రెండు పెట్టెల్లో కూత కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆలస్యం నా చెవికి తెలిసింది. బ్యాటరీ కొత్తది కదా, సర్దుకుంటుందిలే అనుకున్నాను. ఏమాత్రం సంబంధం లేని కారణం అది. నాకు కావలసింది కారణం కాదు, పని అయిపోవడం.

ఆ రెండింట్లో ఒకటి, ఉప్పుగాలికి సైరన్ తుప్పుపట్టి, ఒకరోజు నా బల్ల మీదికి వచ్చింది. సముద్రంలో వాయుగుండం ఉందని చెబుతున్నారు, పొద్దున్నుంచి ముసురు. టీకొట్టు మూసి ఉంది. కొత్త సైరన్ బిగించి, మందలించే మనిషి లేడు గనక ప్లగ్గు పీకి చూశాను. సైరన్ మోగలేదు. పచ్చ లైటు వెలుగుతూనే ఉంది. మళ్లీ ప్లగ్గు పెట్టి ఏరేటర్ల తీగ ఊడదీస్తే, కాస్త ఆగి మోగింది. మళ్లీ ప్లగ్గు పీకాను, మోత మధ్యలో గడ్డకట్టినట్టు అలాగే ఉండిపోయింది, నేను బ్యాటరీ తీసేదాకా.

అప్పుడు అర్థమైంది. ఆ చిప్పు ఇంకా బయటి తట్టు కోసమే చూస్తోంది. కరెంటు ఉందో లేదో చెప్పడానికి నేను కట్టిన తీగనే అది తన గడియారం అనుకుంటోంది. కరెంటు ఉన్నంతసేపు ఆ యాభై తట్లతో మెల్లగా నడుస్తుంది. కరెంటు పోగానే, అది అరవాల్సిన ఆ క్షణంలోనే, ఉన్నచోట ఆగిపోతుంది. వెలుగుతున్న పచ్చ లైటు వెలుగుతూనే ఉంటుంది. నేను చేసింది పనిచేయని పెట్టె అయితే అంత భయపడేవాణ్ణి కాదు. ఇది అంతా బాగుందని చెబుతూ ఉండే పెట్టె.

రెండోది మైపాడుకి దక్షిణంగా ఒక రైతు గుంట మీద ఉంది. ఇంకో వారంలో పట్టుబడి, రొయ్యల్ని అమ్మకానికి తీసే రోజు. బయట గాలి లేస్తోంది. ఇలాంటి రోజు ఆ వైపు లైను నిలబడదు.

ఫోను చేశాను. ఆయన నాయుడుపేటకి దారిలో ఉన్నాడు, బంధువుల ఇంట్లో శుభకార్యమట. కారులో ఇంకో ముగ్గురు రైతులు ఉన్నారని పేర్లు చెప్పి, ఫోను అందరికీ వినిపించేలా పెట్టానని చెప్పాడు.

"చెప్పన్నా. ఇదుగో, నీ పెట్టె గురించే చెప్తా ఉండా వీళ్లకి. అది ఉంది గాబట్టి కదా నేను కదిలింది. లేకుంటే ఈ వానలో మా ఆడమనిషి నన్ను గడప దాటనిచ్చేదా?"

వెనకనుంచి ఎవరో, అలారం ఆయనకి కాదు, ఆమెకి పెట్టించాల్సింది అన్నారు. అందరూ నవ్వారు. గుంట కాడ ఎవరున్నారని అడిగాను. ఎవరూ లేరు, మేత వేసి పనివాళ్లు వెళ్లిపోయారు, ఇంటిది ఊళ్లో ఇంట్లో ఉందన్నాడు.

చెప్పాల్సిన మాట నోటిదాకా వచ్చింది. ఆ ముగ్గురిలో ఇద్దరు నా దగ్గర పెట్టెలు తీసుకుంటామన్నవాళ్లే. వాళ్లు వింటున్నారు.

"ఏం లేదన్నా, ఊరికే సర్వీసుకి వస్తా ఉండా, మీ గుంట కాడికి" అన్నాను.

"ఈ వానలోనా? చూసినారా, మనిషంటే ఇట్టా ఉండాల" అన్నాడు ఆయన, నాతో కాదు, కారులో వాళ్లతో.

కొత్త చిప్పు జేబులో వేసుకుని బండి తీశాను. దారి పొడుగునా నాకు నేను నచ్చజెప్పుకుంటూనే ఉన్నాను. ఎంత దూరమని, కాసేపట్లో చేరతాను, చిప్పు మార్చేస్తాను, ఎవరికీ తెలియాల్సిన పని లేదు. ప్రతి ఊరి దగ్గరా కొట్లలో బల్బులు వెలుగుతున్నాయా అని చూస్తూ పోయాను. వెలుగుతుంటే ఊపిరి పీల్చుకునేవాణ్ణి. ఒకచోట చికెన్ కొట్టులో ఫ్యాను తిరగడం లేదు. కట్టేసి ఉంటారులే అనుకున్నాను. దాని పక్కన సెల్ కొట్టులో కుర్రవాడు గుమ్మంలోకి వచ్చి కరెంటు స్తంభం వైపు చూస్తున్నాడు. ఇక నచ్చజెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు.

రొయ్యల గుంట దగ్గరికి పోతుంటే ముందు ఏరేటర్ల హోరు వినబడాలి. బండి ఆపితే వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. షెడ్డు గోడకి నా పెట్టె, దాని మీద పచ్చ లైటు. కట్ట అంచుకి పోయి చూశాను. రొయ్యలు ఒడ్డుకి వచ్చి, పైనీళ్లలో మీసాలు కదిలిస్తూ తేలుతున్నాయి. కొన్ని ఎగిరి కట్ట మీద పడి కొట్టుకుంటున్నాయి.

జనరేటరు గదికి తాళం. తాళంచెవి ఇంట్లో ఉంటుంది, ఇల్లు ఊళ్లో ఉంది. ఆ తాళం చూసినప్పుడు తెలిసింది నేను ఫోనులో ఏం చేశానో. ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆయన ఇంటికి ఫోను చేసేవాడు, ఆమె నాకంటే ఎంతో ముందే ఇక్కడ ఉండేది. మళ్లీ బండెక్కి ఊళ్లోకి పోయాను. ఆమె వాకిట్లో పట్ట కప్పుతోంది. ఇంట్లో ఇన్వర్టరు ఉండడంతో కరెంటు పోయిన సంగతే ఆమెకి తెలియదు. తాళంచెవి తెచ్చి నా వెనక కూర్చుంది. జనరేటరు హ్యాండిలు నేను తిప్పితే అందుకోలేదు. నన్ను పక్కకి జరగమని ఆమె తిప్పింది, అందుకుంది. ఏరేటర్లు తిరిగాయి. ఆ తర్వాత ఇద్దరం కట్ట చుట్టూ తిరుగుతూ ఎక్కడ తేలుతున్నాయో చూస్తూ ఉన్నాం. లోపలికి దిగిపోయినవి దిగిపోయాయి. దిగనివి తెల్లబడుతూ ఒడ్డుకి చేరాయి. చాలానే చేరాయి.

ఆయన ఆమెకి ఫోను చేశాడు. ఆమె జరిగింది చెప్పింది. అవతల మాట నాకు వినబడుతూనే ఉంది. పెట్టె నాకు కబురు చేసి ఉంటుందని, అందుకే నేను వానలో పరిగెత్తానని, నేను రాకుంటే గుంట మొత్తం పోయేదని అంటున్నాడు. ఫోను నాకిమ్మన్నాడు. నాకు దండం పెట్టాలన్నాడు. నేను ఊ కొట్టాను. అవును, ఊ కొట్టాను.

ఫోను తిరిగి తీసుకుని ఆమె నా మొహంలోకి చూసింది.

"పెట్టె ఆయనకి ఫోను చెయ్యలా. నాకూ చెయ్యలా. నీకెట్టా తెలిసిందన్నా?"

చెప్పాను. గడియారం కాలు సంగతి ఆమెకి అర్థమయ్యేలా చెప్పాలని మొదలుపెట్టి, మధ్యలో మానేశాను. అర్థం కావలసింది అది కాదు. పెట్టె పనిచేయదని కొట్టులో బయలుదేరక ముందే నాకు తెలుసని, ఫోనులో ఆయనకి చెప్పలేదని చెప్పాను.

"ఎందుకు చెప్పలా?"

"కారులో వాళ్లు వింటా ఉండారని."

ఆమె చీరకొంగు పిండుకుంది. ఇలాంటిది ఇంకెవరి గుంట కాడైనా ఉందా అని అడిగింది. ఉన్నవి రెండే, ఇంకొకటి నా బల్ల మీదే ఉందన్నాను. ఖాయమా అంది. ఖాయమే అనబోయి ఆగాను. మిగతా పెట్టెలు వేటినీ నేను ప్లగ్గు పీకి చూడలేదు.

"తెలియదక్కా" అన్నాను.

"అయితే ఈడే కూచోని అందరికీ చెప్పు. నేను ఇనాల."

షెడ్డు వసారాలో మేత బస్తా మీద కూర్చున్నాను. ఆమె ఎదురుగా నిలబడింది. మొదట చిట్టమూరు వైపు రైతుకి చేశాను. నేను పెట్టిన పెట్టెను నమ్మొద్దని, నేను వచ్చి చూసేదాకా గుంట కాడ మనిషిని ఉంచమని చెప్పాను. ఆయన నేను తాగి మాట్లాడుతున్నానా అని అడిగాడు. కాదని రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తర్వాత ఒకాయన తిట్టాడు. ఇంకొకాయన మధ్యలోనే పెట్టేశాడు. నేను ఫోను దించిన ప్రతిసారీ ఆమె ఇంకొకరు అన్నట్టు చెయ్యి కదిలించింది.

చివరికి నాయుడుపేటకే చేయాల్సి వచ్చింది. ఫోను అందరికీ వినిపించేలా పెట్టమని నేనే అడిగాను. ఎందుకన్నా అని నవ్వుతూనే పెట్టాడు. అక్కడ భోజనాల గోల, ఎవరో ఇంకాస్త పప్పు వడ్డించమంటున్నారు. నేను చెప్పడం అయ్యేసరికి ఆయన పక్కన మాటలు ఆగిపోయాయి. ఫోను భార్యకి ఇవ్వమన్నాడు.

ఆమె ఫోను చెవిన పెట్టుకుని విన్నది. ఊ అంది. ఇంకోసారి ఊ అంది. ఫోను నా చేతిలో పెట్టి, వల తీసుకుని కట్ట మీదికి పోయింది. ఆయన ఏమన్నాడో నేను అడగలేదు. ఆమె ఒడ్డుకి చేరిన రొయ్యల్ని ఏరుతోంది. షెడ్డులో ఇంకో బుట్ట ఉంటే తీసుకుని, ఆమెకి అవతలి వైపునుంచి మొదలుపెట్టాను.