మూడు దెబ్బల చావు

మా బావను నాటకం కంపెనీలో అందరూ శవంగారు అనేవారు. వెక్కిరింపు కాదు, మర్యాదే. పదిహేడేళ్లపాటు, వారానికి ఆరు ఆటలు, తెర లేచిన నాలుగో నిమిషంలో ఆయన చచ్చిపోయేవాడు.

మాది పాటల నాటకం. ఒక దొంగ నగల కొట్టు దోచుకుంటూ కాపలావాణ్ణి కాల్చేస్తాడు. పేపర్లు వాడి ఫోటో వేస్తాయి, ఊరంతా వాడి మీద పాటలు కడుతుంది, జైలు గేటు దగ్గర ఆడపిల్లలు పూలు పట్టుకుని నిలబడతారు, చివరికి జడ్జి కూడా వాడి సంతకం అడిగి తీసుకుంటాడు. చచ్చిన కాపలావాడి ఊసు మళ్లీ ఎవడూ ఎత్తడు. ఆ కాపలావాడు మా బావ. "నేను చావకపోతే వాడి మొహం ఎవడు చూస్తాడ్రా?" అని లేని మీసం మెలేసేవాడు.

చావడమంటే మాటలు కాదు. తుపాకీ పేలగానే నేను డ్రమ్ము మీద మూడు దెబ్బలు వేసేవాణ్ణి. మొదటి దెబ్బకు చెయ్యి గుండె మీదికి, రెండో దెబ్బకు మోకాళ్లు నేలకు, మూడో దెబ్బకు మనిషి బోర్లా. ఇన్నేళ్లలో ఆయన ఒక్కసారీ ముందు పడలేదు, ఒక్కసారీ ఆలస్యంగా పడలేదు. జ్వరంతో వచ్చి పడ్డాడు. తల్లిని సాగనంపిన మర్నాడూ వచ్చి పడ్డాడు. మోచేతులు కాయలు కాసిపోయాయి.

మా అక్క మాత్రం ఒక్క ఆటా చూడలేదు. "ఆయన చస్తుంటే టికెట్టు కొనుక్కుని చూడాలా? నా వల్ల కాదు" అనేది. ఆ నాటకాన్ని సినిమాగా తీస్తున్నారని, చచ్చే వేషం బావకే ఇచ్చారని తెలిశాక మెత్తబడింది.

"సినిమా అయితే వస్తా. అక్కడ పడిపోతున్నా, ఇక్కడ నా పక్కనే ఉంటారుగా. చెయ్యి పట్టుకుని చూస్తా" అంది.

ఆ మాటకు మురిసిపోయి బావ వారం రోజులు అద్దం వదల్లేదు.

సినిమావాళ్లు నన్ను పిలవలేదు. సంగీతం వాళ్లదే, వాయించేవాళ్లూ వాళ్ల మనుషులే. "మీ అవసరం లేదండీ" అని ఎవరో అసిస్టెంటు ఫోన్లో చెప్పి పెట్టేశాడు. ఆ సినిమా మొహం చూడకూడదనుకున్నాను. అయినా షూటింగు రోజున బావ "తోడు రారా" అంటే కాదనలేక వెళ్లాను.

పెద్ద షెడ్డులో నగల కొట్టు సెట్టు వేశారు. తుపాకీ పేలింది. బావ నిలబడే ఉన్నాడు. అందరూ నవ్వారు. మళ్లీ పేలింది. చెయ్యి గుండె దాకా వెళ్లి ఆగిపోయింది. మూడోసారి, నేల ఎక్కడుందో చూసుకుని మరీ పడ్డాడు. షాటులో సంగీతం లేదు, అది తర్వాత కలుపుతారట. పాపం, ఆయన ఏనాడూ తుపాకీకి చావలేదు. నా దెబ్బలకే చచ్చేవాడు.

ఏడోసారికి డైరెక్టరు టోపీ తీసి నేలకేసి కొట్టాడు. అయినా మంచివాడే, బావ మూడు దెబ్బల సంగతి చెబితే విని ఇంకో అవకాశం ఇచ్చాడు. "శబ్దం సంగతి తర్వాత చూసుకుందాం. ఆ దెబ్బలేవో తెలిసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? పెట్టె మీద కొట్టినా చాలు" అన్నాడు.

బావ నా వైపు చూశాడు. పిలవలేదు, వేలు పెట్టి చూపించలేదు. ఊరికే చూశాడు. నా పక్కనే ఖాళీ చెక్కపెట్టె ఉంది. నా డ్రమ్ము వద్దన్నవాళ్లకు నా దెబ్బలు మాత్రం కావాలా అనుకున్నాను. ఆ కోపం వాళ్లకు తగలదని, తగిలేది ఆయనకేనని నాకు తెలుసు. తెలిసే చేతులు జేబుల్లో పెట్టుకుని గోడ వైపు తిరిగాను.

భోజనాల వేళకల్లా ఇంకొకతను ఆ యూనిఫాం వేసుకుని ఒక్క షాటులో చచ్చాడు.

ఇద్దరం బస్సెక్కి ఇంటికి వచ్చాం. అక్క తలుపు తీసి, మా మొహాలు చూసి ఏమైందని అడిగింది. జరిగింది చెప్పేద్దామనే నోరు తెరిచాను. బావ చెప్పులు విడుస్తూ అందుకున్నాడు.

"వీడు పాపం చేతులు నొప్పి పుట్టేలా కొడుతూనే ఉన్నాడే. నాకే వినపడలేదు. చెవులు పోతున్నట్టున్నాయి."

అక్క నమ్మింది. "నువ్వైనా పక్కన ఉన్నావు, అదే నయంరా" అంటూ నాకే ముందు వడ్డించింది.

సినిమా బాగా ఆడింది. సినిమాలో చూసిందే కదా అని నాటకానికి జనం రావడం మానేశారు. మూడు నెలలకు కంపెనీ మూతపడింది. బావ బట్టల షాపులో మడతలు పెడుతున్నాడు. అక్క ఆ సినిమాకు వెళ్లలేదు.

ఆదివారాలు నన్ను భోజనానికి పిలుస్తారు. తలెత్తకుండా తింటాను. అక్క ఇప్పుడు బావతో అరిచి మాట్లాడుతుంది. చెవి దగ్గరికి వంగి, "కూర వెయ్యనా?" అని వీధి వీధంతా వినపడేలా అడుగుతుంది. చీమ చిటుక్కుమన్నా వినే మనిషి, ఆవిడ రెండోసారి అడిగేదాకా ఆగి, అప్పుడు తల ఊపుతాడు.